వద్దన్నా వేసిన బొమ్మ

నేను ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ నేర్పుతాను. ఏటా తొమ్మిదో తరగతికి ఇంటి లోపలి దృశ్యం వేయడం నేర్పాల్సి వస్తుంది. వెలుగు ఎటునుంచి వస్తుందో ముందు చూసుకోమంటాను. కళ్ళు సగం మూసి గదిలో అన్నిటికంటే తెల్లనిదేదో, అన్నిటికంటే నల్లనిదేదో పట్టుకోమంటాను. అట్ట ముక్కకు కిటికీలా కంత కోసి, అందులోంచి చూసి, ఏది ఉంచాలో ఏది వదిలేయాలో తేల్చుకోమంటాను. అన్నీ చెప్పి చివర్న ఒక మాట అంటాను. "గది మాత్రమే వెయ్యండి. మనుషుల్ని వెయ్యొద్దు."

మొన్న వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "మనుషుల్లేకుంటే అది ఇల్లెట్లైతది టీచర్?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. "అది సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నాను. అబద్ధం చెప్పాను. సిలబస్‌లో ఉంది. నేనే చెప్పడం లేదు. ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని కూర్చుంది. ఆమెకు చెప్పలేని జవాబు ఇక్కడ రాస్తున్నాను.

మాది మునుగోడు దిక్కు ఒక ఊరు. రాష్ట్రం వచ్చిన కొత్త రోజులు. అప్పటికింకా మా ఊళ్ళో బోరింగు నీళ్ళే తాగేవాళ్ళం. ఆ నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు. పిల్లలకు పళ్ళు గార పట్టేవి. పెద్దవాళ్ళకు మోకాళ్ళు, మెడలు పట్టేసేవి. కొందరికి ఒళ్ళే వంగిపోయేది. మా ఇంట్లో అలా వంగిపోయింది మా మేనత్త, నాయినకు చెల్లెలు. పన్నెండేళ్ళప్పుడు మొదలైందట. నాకు ఊహ తెలిసేసరికి ఆమె లేచి నిలబడితే ముఖం నేలను చూసేది. ఎదుటి మనిషిని చూడాలంటే మెడ పక్కకు తిప్పి కిందినుంచి చూడాలి. కాళ్ళు కూడా వంకర పోయాయి.

అయినా ఊళ్ళో అత్తను అలా తలచుకునేవాళ్ళు తక్కువ. అత్త అంటే రైకలు కుట్టే అత్తే. చేత్తో తిప్పే పాత కుట్టుమిషను ఒకటి నాయిన ఆమెకు తెచ్చిపెట్టాడు. దానికి తగ్గట్టు ఎత్తుబల్ల చేయించి, చుట్టూ పాత చీర ముక్క వేలాడదీశాడు. మాది రెండు అర్రల పెంకుటిల్లు. ముందరి అర్రలో కిటికీ లేదని, అత్త కళ్ళు పోతాయని, మిషను బల్లకు రెండడుగుల ఇవతల కప్పులో ఒక పెంకు తీసి అద్దం ముక్క బిగించాడు. పొద్దెక్కేకొద్దీ ఒక వెలుగు పట్టీ గోడ మీది నుంచి దిగి నేల మీదికి వచ్చేది.

మిషను ముందు కూర్చుంటే కుట్టేవాళ్ళెవరైనా వంగే ఉంటారు. అక్కడ అత్త అందరిలాంటి మనిషి. పొద్దున ఆడవాళ్ళు గుడ్డలు పట్టుకుని రాకముందే ఆమె వెళ్ళి బల్ల వెనక కూర్చునేది. చివరి మనిషి వెళ్ళిపోయేదాకా లేచేది కాదు. ఎవరూ ఆమెను "జర ఇటు వచ్చి కొలత తీసుకో" అనేవాళ్ళు కాదు. వాళ్ళే బల్ల పక్కకు వెళ్ళి, చేతులు చాపి వంగి, కొలత ఇచ్చేవాళ్ళు. ఊరంతా ఆ మర్యాద పాటించింది. ఎవరూ ఎవరికీ చెప్పి చేయించింది కాదు.

ఆదివారం మేమంతా చర్చికి పోయేవాళ్ళం. అత్త వచ్చేది కాదు. "నేను ఇంట్లనే పాడుకుంట. ప్రభువుకు ఈడికి కూడ తొవ్వ ఎరుకే" అనేది. తలుపు దగ్గరికేసుకుని పాటలు పాడుకుంటూ, వారంలో ఆ ఒక్క పూట ఇల్లంతా తిరిగేదని అవ్వ, అంటే మా నాయినమ్మ, చెప్పింది. మేము వచ్చేసరికి మళ్ళీ బల్ల వెనకే ఉండేది.

మా ఇంటి వాసన ఇప్పటికీ నాకు ముక్కులో ఉంది. మిషను నూనె, కొత్త గుడ్డ గంజి, పొయ్యి మీద పచ్చజొన్న రొట్టె మాడిన వాసన, వాటి మీద అవ్వ గుట్ట నుంచి ఏరుకొచ్చి వరిగడ్డిలో మగ్గబెట్టిన సీతాఫలాల వాసన. బడి నుంచి రాగానే అవ్వకు తెలియకుండా గడ్డిలో చెయ్యి పెట్టి ఒక్కో పండూ నొక్కి చూసేదాన్ని. మెత్తబడ్డది తినేసి, గింజలు అక్కడే ఊసి, తొక్కలు పక్కింటి పెంటకుప్పలో వేసేదాన్ని.

"ఎలుకలు గిట్ల గింజలు ఊంచి పోతయా?" అని అవ్వ నన్నే చూస్తూ అడిగేది.

"మనింటి ఎలుకలు సదువుకున్నయమ్మా" అనేది అత్త మిషను తిప్పుతూ.

అలా నన్ను ఎప్పుడూ కాపాడేది. ఆమె సుద్దముక్కలు దొంగిలించి గోడల నిండా బొమ్మలు వేసినా, గుడ్డ కత్తిరించే కత్తెరతో పెన్సిల్ చెక్కినా తిట్టింది లేదు. కత్తెర మొద్దుబారితే రాయి మీద నూరుకునేది. రోజూ పొద్దున నన్ను బల్ల పక్కన ముక్కాలిపీట మీద కూర్చోబెట్టుకుని జడ వేసేది. పని ఎక్కువున్నప్పుడు నేను మిషను చక్రం తిప్పితే ఆమె రెండు చేతులతో గుడ్డ నడిపించేది. "జర మెల్లగ. ఉరుకకు. భుజం కాడ మలుపున్నది" అనేది. నేను తిప్పుతూ తిప్పుతూ ఆమె వేళ్ళను చూసేదాన్ని. ఒళ్ళంతా బిగుసుకుపోయిన మనిషికి ఆ వేళ్ళు మాత్రం ఎంత చురుకో.

నేను తొమ్మిదిలో ఉండగా మా హైస్కూలుకు డ్రాయింగ్ సారు వచ్చాడు. పాలమూరు మనిషి. అప్పటిదాకా డ్రాయింగ్ అంటే మాకు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద గుడిసె. సారు మొదటి రోజే కిటికీలన్నిటికీ గోనెసంచులు కట్టించి ఒక్కటి మాత్రం తెరిచి ఉంచాడు. బల్ల మీద ఒక కుండ, ఒక స్టీలు చెంబు, మధ్యలో తన తెల్ల తువ్వాల పెట్టాడు.

"తువ్వాల ఏం రంగు?"

"తెలుపు సార్!"

"కండ్లు సగం మూసి చూడుండ్రి. కిటికి దిక్కు మడత, గోడ దిక్కు మడత ఒక్క తీరుగ తెల్లగున్నయా?"

చూశాం. గోడవైపు మడత కుండ మీద వెలుగు పడ్డ చోటుకంటే నల్లగా ఉంది. రోజూ చూసేవాటిని ఎన్నడూ చూడలేదనిపించింది.

ఐదు గళ్ళు గీయించాడు. మొదటిది కాగితం తెలుపు, చివరిది పెన్సిల్ ఎంత నల్లగా పోతే అంత, నడుమ మూడు మెట్లు. "బొమ్మల ఉండేది గీ ఐదుగురే. ఆరో మనిషి లేడు. ఎవరిని యాడ నిలబెడ్తరన్నదే మీ పని" అన్నాడు. పాత నోటుబుక్కు అట్టకు కంత కోసి అందులోంచి చూడటం కూడా ఆయనే నేర్పాడు. "అన్నీ పెడ్తే ఏదీ కనవడది. కన్ను తలుపులకెల్లి లోపలికి రావాలె, వచ్చినంక దానికి కూసునే జాగ దొరకాలె."

దసరా సెలవుల ముందు జిల్లా పోటీకి ఒక్క బొమ్మ పంపమని బడికి కాగితం వచ్చింది. విషయం, మా ఇంటి లోపల. సారు నన్ను పిలిచి మందపాటి షీటు, ఆరు బి అనే బాగా నల్లటి పెన్సిల్ ఒకటి ఇచ్చాడు. ఆ పెన్సిల్ నల్లదనం చూసి నేను రెండు రోజులు దాన్ని చెక్కను కూడా చెక్కలేదు.

బతుకమ్మ రోజులవి. అత్తకు ఊపిరి తిప్పుకోనంత పని. మేము చర్చికి పోయేవాళ్ళమైనా ఊళ్ళో ఆడుకునే వాళ్ళందరి రైకలూ మా ఇంట్లోనే తయారయ్యేవి. బల్ల మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుడ్డలు గుట్టలు. తంగేడు పూలు కోసుకొచ్చిన పిల్లలు "మా రైకయ్యిందా?" అని వాకిట్లోంచి అరిచేవాళ్ళు. అవ్వ పొయ్యి మీద బియ్యప్పిండితో తప్పాల చెక్క వేసేది. నువ్వులు, పచ్చిమిర్చి కాలే ఆ వాసనలో కూర్చుని నేను కంత అట్ట కంటికి పెట్టుకుని ఇల్లంతా చూశాను.

"ఏమేస్తున్నవే?" అంది అత్త.

"మనిల్లు అత్తా. పోటీకి. మిషను, బల్ల, అద్దంల నుంచి పడే ఎండ."

మిషను ఆగింది. "ఇల్లెయ్యి. మిషనెయ్యి. గుడ్డలన్ని ఎయ్యి. నన్ను మాత్రం ఎయ్యకు బిడ్డా."

"ఎయ్యను."

"ఒట్టు?"

ఆమె చెయ్యి చాపింది. నేను ఆమె అరచేతిలో చెయ్యి వేశాను. దారం చుట్టుకుని చుట్టుకుని ఆమె చూపుడువేలికి ఒక గాడి పడి ఉండేది. అది నా చేతికి తగిలింది.

నేను వేస్తానంటే ఆమె సంబరపడింది కూడా. పొద్దున కూర్చునే ముందు గుడ్డల గుట్టను నేను చెప్పినట్టు పక్కకు జరిపించింది. మధ్యాహ్నం అందరూ వెళ్ళాక నన్ను పిలిచి, "ఎండ గిప్పుడు నేల మీదికొచ్చింది, సూసుకో, మళ్ల పోతది" అని గుర్తు చేసేది. నాలుగు రోజుల్లో బొమ్మ అయింది. సెలవుల్లోనే సారు మా ఊరి మీదుగా పోతుంటే బస్టాండు దగ్గర చూపించాను.

ఆయన చాలాసేపు చూశాడు. "వెలుగు పట్టుకున్నవ్. మిషను మీది మెరుపు మంచిగున్నది. గోడ నీడల కూడ మెట్లున్నయి" అన్నాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు. "గని గీ ఎండ ఎవరి కోసం పడ్డది? కన్ను లోపలికొచ్చి తిరుగుతాంది, కూసుంటలేదు. మనిషి లేచిపోయిన ఇల్లు తీరుగున్నది. ఎవరన్న ఒకరు ఉండాలె గీ వెలుగుల."

ఆయనకు అత్త సంగతి తెలియదు. ఆయన మీద నేరం లేదు. అవ్వను కూర్చోబెట్టుకుని వేసి ఉండవచ్చు. అమ్మ పత్తి ఏరి వచ్చి గడపలో కూలబడినప్పుడు వేసి ఉండవచ్చు. ఆ రెండూ నాకు తోచాయి. కానీ ఆయన ఆ మాట అన్న క్షణమే నా కళ్ళముందు నిలిచింది అత్తే. వంగిన ఆ వీపు మీద పైనుంచి వెలుగు పడితే ఎలా ఉంటుందోనన్న ఆలోచన వచ్చింది. వచ్చాక మరి పోలేదు.

ఆదివారం చర్చిలో రెండో పాట మొదలవుతుండగా అవ్వ చెవిలో కడుపునొప్పి అని చెప్పి బయటికి వచ్చాను. ఎందుకు వస్తున్నానో నాకు తెలుసు. చెప్పులు చేతిలో పట్టుకుని దొడ్డివైపు నుంచి ఇంటికి వచ్చాను. వెనక తలుపు సందులోంచి చూశాను.

అత్త పాడుతోంది. అర్ర నడిమధ్యలో, వెలుగు పట్టీ కింద నిలబడి ఉంది. కుట్టడం అయిపోయిన రైక ఒకటి రెండు చేతులా పట్టుకుని, కుట్లు సరిచూడటానికి ఎండకు అడ్డంగా చాపింది. ఒళ్ళు నడుము దగ్గర విరిగినట్టు వంగి ఉంది. మెడ తిప్పి, కిందినుంచి ఆ రైకను చూస్తోంది. ఎండ ఆమె వీపు మీద తెల్లగా పడింది. ముఖమంతా నీడ. చేతులు మళ్ళీ వెలుగులోకి వచ్చాయి. పనికి మురిసిపోతున్నట్టు చిన్నగా నవ్వుతోంది. అంత అందమైన కూర్పు నేను అప్పటికి చూడలేదు. ఇన్నేళ్ళలో తర్వాత కూడా చూడలేదు.

చర్చి పాటలు రాసుకునే నోటుబుక్కు వెనక పేజీలో గబగబా గీశాను. గీసి, మళ్ళీ దొడ్డిదారినే పోయి, ముందరి తలుపు తట్టాను. లోపల పాట ఆగిపోయింది. బల్ల కాలు కిర్రుమన్న చప్పుడు, గుడ్డల చప్పుడు. ఆమె కంగారుగా వెళ్ళి కూర్చుంటోందని నాకు తెలుసు. కాసేపాగి "దా" అంది.

"అప్పుడే వచ్చినవేంది?"

"కడుపునొస్తాంది."

"ఇటు రా, వాము నములు" అని సొరుగులోంచి వాము తీసి నా నోట్లో వేసింది. ఆ కారం నాలుక మీద ఉండగానే నోటుబుక్కు లంగా కింద మోకాలితో అదిమి పట్టుకున్నాను.

రెండు రోజులు దొడ్లో, చింతచెట్టు వెనక కూర్చుని ఆమెను బొమ్మలోకి ఎక్కించాను. మొదట వేసిన మిషనును రబ్బరుతో తుడిచి మసకబరిచాను, కన్ను దాని మీదికి పోకుండా. వీపు దగ్గర కాగితం తెలుపు అలాగే వదిలి, చుట్టూ ఆరు బి అరిగేదాకా నల్లబరిచాను. అత్త సుద్దముక్కనే దొంగిలించి రైక అంచు మీద ఒక్క గీత మెరుపు పెట్టాను. సెలవులు అయిపోయాక సారు ఆ బొమ్మ చూశాడు. "ఎవరు?" అని మాత్రం అడిగాడు. "మా అత్త" అన్నాను. "సరేనన్నదా?" అని ఆయన అడగలేదు. అడిగి ఉంటే సరేనందనే చెప్పేదాన్ని.

నల్లగొండలో పెట్టిన ప్రదర్శనలో నా బొమ్మకు మొదటి బహుమతి వచ్చింది. చప్పట్లు కొట్టి బొమ్మను నా చేతికే తిరిగి ఇచ్చారు. ఎవరో ఫోటో తీసుకున్నారు. రెండు రోజులకు పేపర్లో వచ్చింది, నా పేరు, మా ఊరి పేరు, బొమ్మ, దాని కింద ఫ్లోరైడ్ నీళ్ళ గురించి నాలుగు వాక్యాలు. నేను వేసింది నీళ్ళ గురించి కాదు. వెలుగు గురించి. కానీ ఆ మాట అక్కడ ఎవరికీ చెప్పలేదు.

పేపరు ఇంటికి రాకుండా చూడగలిగాను గానీ ఊరికి రాకుండా ఆపలేకపోయాను. హోటలు దగ్గర చదివారు. ఫోన్లలో పంపుకున్నారు. ఆ సాయంత్రమే ముగ్గురు ఆడవాళ్ళు మా ఇంటికి వచ్చారు. ఎవరి చేతిలోనూ గుడ్డ లేదు. గడపలో నిలబడి అత్తను చూశారు. ఎన్నేళ్ళుగానో చూడనట్టు నటించిన ఒళ్ళును ఆ రోజు తేరిపార చూశారు. ఒకామె "అయ్యో తల్లీ" అంది. అత్తకు అర్థం కాలేదు. "ఏమైంది? ఎవరికేమైంది?" అని అడుగుతూ ఉంది.

వాళ్ళు పోయాక నాయిన చెప్పాడు. ఆయన హోటలు దగ్గర విని వచ్చాడు. అత్త నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. అవ్వ నా వీపు మీద ఒక్కటి వేసింది. "నీకు అన్నం పెట్టిన చెయ్యి గాదే అది!" అంది. అత్తే ఆమెను ఆపింది.

అది అక్కడితో ఆగిపోయినా బాగుండేది. మూడో రోజు విలేఖరుల కారు ఒకటి మా వాకిట్లో ఆగింది. కెమెరా పట్టుకున్నతను, మైకు పట్టుకున్నతను, వాళ్ళ వెంట ఊళ్ళోవాళ్ళు ఇరవై మంది. అత్త లేచి నిలబడితే ఫోటో, వీడియో తీసుకుంటామన్నారు. నాయిన తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"మా చెల్లె బయటికి రాదు సార్. మీరు నీళ్ళ గురించి రాస్తే బోరింగు ఫోటో తీసుకోండ్రి. నన్ను తీసుకోండ్రి, నా మోకాళ్ళు కూడ వంగుతలెవ్వు."

మైకు పట్టుకున్నతను నా వైపు తిరిగాడు. "నువ్వేనా బొమ్మ వేసింది? చాలా బాగా వేశావమ్మా. నువ్వు చెప్తే వింటుంది. బొమ్మలో ఎలా నిలబడిందో అలా ఒక్క నిమిషం చాలు. పక్కన నువ్వు బొమ్మ పట్టుకుని నిలబడు. పెద్దవాళ్ళు చూస్తే మీ ఊరికి మంచినీళ్ళు వస్తాయి."

నేను లోపలికి పోయాను. ఇక్కడ నేను ఎవరి మీదికీ నెట్టలేను. ఎవరూ నా చెయ్యి పట్టి లాగలేదు. నాయిన కళ్ళతో వద్దంటూనే ఉన్నాడు. చుట్టూ ఊరంతా చూస్తోంది. నా పేరు తెలిసిన మనుషులు కారులో వచ్చారు. నాకు గర్వంగా ఉంది.

"అత్తా, ఒక్కసారి లేసి నిలవడవా? ఊరికి నీళ్లొస్తయంట."

ఆమె కుడుతున్న రైక అలాగే సూది కింద ఉంది. "నువ్వు జెప్తున్నవా?" అంది.

"ఒక్క నిమిషమే."

ఆమె కుట్టును చివరిదాకా నడిపింది. దారం తెంపింది. బల్ల అంచు పట్టుకుని లేచింది. నాయిన పక్కకు తప్పుకుంటే, వాకిట్లో ఎండలోకి వచ్చి నిలబడింది. ఊరి ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు అందరూ చూస్తుండగా నిలబడింది. "చేతులు ముందుకు చాపమ్మా, బొమ్మలో లాగా" అన్నాడతను. చాపింది. చేతుల్లో రైక లేదు, ఖాళీ చేతులే చాపింది. "రెండడుగులు నడువమ్మా" అంటే నడిచింది. నేను పక్కన బొమ్మ పట్టుకుని నిలబడ్డాను. ఆ ఫోటో ఇంకా నా దగ్గర ఉంది. అందులో నేను నవ్వుతున్నాను.

కారు పోయింది. జనం పోయారు. నాయిన ఎటో వెళ్ళిపోయాడు. అవ్వ పొయ్యి దగ్గర ముసుగేసుకుని కూర్చుంది. అత్త నన్ను పిలిచి, "ఏదీ, సూపియ్యి" అంది. అప్పటిదాకా ఆమె ఆ బొమ్మను చూడలేదు. నేను ఆమె ముందు పట్టుకున్నాను.

మా ఇంట్లో అరచేతి వెడల్పు అద్దం ఒక్కటే ఉండేది. ముఖం చూసుకోవడానికి తప్ప పనికిరాదు. ఆమె నిలువెత్తు తనను ఎన్నడూ చూసుకోలేదు. ఆ సంగతి ఆమె అడిగేదాకా నాకు తోచలేదు.

వేలితో ఆ వీపు గీత మీద, కాగితానికి తగలకుండా, మెల్లగా పైనుంచి కిందికి రాసింది. "నేను గింత వంగిన్నా?" అని అడిగింది.

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. "రాత్రికి అన్నం తిను. పొద్దుగాల్ల నుంచి ఏం తినలే నువ్వు" అని మళ్ళీ మిషను ముందుకు పోయింది.

వారం తర్వాత మిషను లోపలి అర్రలోకి పోయింది. ఆమే అడిగి జరిపించింది. అక్కడ బల్బు వెలుగే. గుడ్డలు నా చేత లోపలికి పంపేవాళ్ళు, నా చేతే తెప్పించుకునేవాళ్ళు. కొలతకు పాత రైక ఇస్తే చాలనేది. మెల్లగా పని తగ్గింది. ఊళ్ళో వాళ్ళకు రెడీమేడ్ రైకలు కూడా దొరకడం మొదలైంది. అందువల్లే తగ్గిందని నన్ను నేను సమాధానపరచుకునేదాన్ని. సారుకు సంగతి తెలిసి ఒక ఆదివారం ఇంటికి వచ్చాడు. వాకిట్లో నిలబడి, "అమ్మా, పిల్లను నేనడగాల్సుండె. అడగలే. తప్పు నాది" అన్నాడు లోపలికి వినపడేలా. లోపలినుంచి అత్త, "సార్‌కు చాయ్ ఇయ్యుండ్రి" అంది. అంతే.

నన్ను ఆమె దూరం పెట్టలేదు. అదే నాకు ఎక్కువ కష్టమైంది. రోజూ జడ వేసింది. సీతాఫలాలు మగ్గాయని నాకే చెప్పింది. ఆ ఊసు మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

పదో తరగతి పరీక్షలు అయిపోయాక ఒక మధ్యాహ్నం దిద్దుబాటు చేయాలనుకున్నాను. కొత్త షీటు మీద అత్తను వేశాను. మిషను ముందు కూర్చుని, వీపు నిటారుగా, తల ఎత్తి, ఎదురుగా చూస్తున్నట్టు. ముఖం మీదే వెలుగంతా పెట్టాను. ఎంతో ప్రేమగా వేశాను. తీసుకుపోయి ఇచ్చాను.

ఆమె చూసింది. మెడ తిప్పి నన్ను చూసింది.

"గిదెవరే?"

"నువ్వే అత్తా."

"నేను గాదు." బొమ్మను నా ఒళ్ళో పెట్టింది. గొంతులో కోపం లేదు. "ఆ మొదటి దాంట్ల నేనున్న. దొంగతనంగ ఏసినవ్, గని నేనున్న. గీ దాంట్ల నేను లేను. నేను గిట్ల లేనని నీకు సిగ్గయి ఏసినట్టున్నది."

నేను బొమ్మను బోర్లా తిప్పి పెట్టాను.

"పెన్సిలున్నదా? మళ్ల ఎయ్యి. గీడ కూసుంట. జుట్టు దువ్వుకుంట ఆగు. సూసి ఎయ్యి, గంతే."

దువ్వెన తీసుకుని తల దువ్వుకుంది. పైట సరిచేసుకుంది. బల్బు కిందికి కొంచెం జరిగి, నా కోసం కూర్చుంది. ఆమె నన్ను వెయ్యమనడం అదే మొదటిసారి. నేను షీటు పెట్టుకున్నాను, పెన్సిల్ పట్టుకున్నాను. ఆమెను చూడబోతే తల పైకి లేవలేదు. సిగ్గు. నేను చేసినదానికి సిగ్గు, నిటారు వీపు వేసినందుకు సిగ్గు, ఆమె అంత తేలిగ్గా కూర్చున్నందుకు ఇంకా సిగ్గు. ఎంతసేపు గడిచిందో తెలియదు. కాగితం తెల్లగానే ఉంది.

"సరే తియ్యి, రేపేద్దువులే" అంది అత్త. ఒక రైకకు హుక్కులు కుట్టడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఆమె ఆరేళ్ళు బతికింది. మా ఊరికి కృష్ణా నీళ్ళ నల్లాలు వచ్చాయి. నా బొమ్మ వల్ల రాలేదు, అన్ని ఊళ్ళకూ వచ్చినట్టే వచ్చాయి. ఆమె ఆ నీళ్ళు తాగి "సప్పగున్నయే" అని నవ్వింది. అవ్వ ముందే పోయింది. పెంకుటిల్లు తీసేసి నాయిన స్లాబు వేశాడు. ఆ ఇంటి లోపల ఎలా ఉండేదో చెప్పడానికి ఇప్పుడు ఏ ఆనవాలూ లేదు. నేను డ్రాయింగ్ పరీక్షలన్నీ రాశాను. మనుషుల బొమ్మలు వేయడం నేర్చుకున్నాను, కూలి తీసుకుని గంటలకొద్దీ కదలకుండా కూర్చునే ముసలివాళ్ళను వేశాను. మంచి మార్కులు వచ్చాయి.

ఆ ఆరేళ్ళూ సెలవులకు ఇంటికి పోయాను. ఆమె ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను. ఆమె పక్కన పడుకున్నాను. ప్రతిసారీ సంచిలో షీట్లు, పెన్సిళ్ళు ఉండేవి. ఒక్కసారి కూడా తీయలేదు. ఆమె కూడా మళ్ళీ అడగలేదు.